గట్టి పట్టీ

గుండెపోటు వచ్చిన చోట గుండెగోడ బలం కోల్పోతుందని, ఆ బలాన్ని బయటినుంచి అందిస్తే గుండె బాగుపడుతుందని నేను చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకంతోనే పరిశోధనలో చేరాను. ఆ నమ్మకంతోనే పీచుల పట్టీలు తయారుచేశాను. అదే నమ్మకంతో మా మేనమామకు ఒక మాట చెప్పి ఆయన ప్రాణం మీదికి తెచ్చాను. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ నా ముందు ఎత్తరు. మామ ఏనాడూ నన్ను తప్పుపట్టలేదు. అందుకే నాకు నేనే చెప్పుకోవాల్సి వస్తోంది.

మాది పురానాపూల్. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో మూసీ మీద కట్టిన వంతెన పేరే మా బస్తీ పేరు. గోల్కొండ, కార్వాన్ వైపునుంచి నది దాటడానికి కట్టిన ఆ 22 కమాన్ల వంతెన మీద ఇప్పుడు కూరగాయల వాళ్లు గోనెలు పరుచుకుని కూర్చుంటారు. మా మామ వాళ్లలో ఒకరు. పొద్దున్నే టమాటలు, బెండకాయలు, ఆకుకూరలు పెట్టుకుని కూర్చుంటే మళ్లీ చీకటి పడ్డాకే లేచేవారు. నా ఇంజనీరింగ్ ఫీజులో కొంత ఆ గోనెసంచి మీదినుంచే వచ్చింది.

మా ఇంటినుంచి ధూల్‌పేట నడిచిపోయేంత దూరం. వినాయక చవితికి నెలల ముందునుంచే అక్కడ విగ్రహాల పని మొదలవుతుంది. చిన్నప్పుడు బడి విడవగానే పోయి ఆ షెడ్ల దగ్గర నిలబడేదాన్ని. పెద్ద విగ్రహాన్ని ముక్కలు ముక్కలుగా అచ్చుల్లో పోస్తారు. అచ్చు లోపల ముందు పల్చగా ప్లాస్టర్ పూస్తారు. అది బిగుసుకోకముందే కొబ్బరిపీచు చిక్కుతీసి, తడి ప్లాస్టర్‌లో ముంచి, పొరలు పొరలుగా అద్దుతారు. చెయ్యి ముక్కకైతే పీచును భుజంనుంచి మణికట్టు దాకా పొడవునా పరిచేవారు. బొజ్జకైతే అన్ని వైపులకూ పరిచేవారు. రెండు ముక్కలు అతికేచోట పీచు ఈ ముక్కలోంచి ఆ ముక్కలోకి దాటిపోయేలా పెట్టేవారు. పీచు లేని చెయ్యి ఎత్తగానే పుటుక్కున విరుగుతుంది. పీచున్న చెయ్యి పగులుపట్టినా ఊడిపడదు.

అందుకే కాలేజీలో కాంపోజిట్ల పాఠం చెప్పినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. పగులు పీచు దగ్గరికొచ్చి ఆగుతుంది, లాగుడంతా పీచు మీదికి మారుతుంది. ఇదంతా కళ్లతో చూసిందే. అయితే ఆ పనివాళ్లు పీచును ఎటువైపు పరుస్తున్నారో, ఒక్కో ముక్కకు ఒక్కోలా ఎందుకు పరుస్తున్నారో నేనెన్నడూ అడగలేదు. పీచు కలిపితే గట్టిపడుతుంది అన్న ఒక్క ముక్క పట్టుకుని అక్కడినుంచి వచ్చేశాను. నా తెలివితక్కువతనానికి మొదలు అదే.

కలాంగారి కాలిపర్ల కథ దాన్ని ఇంకా పెంచింది. అగ్ని క్షిపణి కోసం హైదరాబాద్ డీఆర్‌డీవో ప్రయోగశాలల్లో తేలికైన కార్బన్ పీచు పదార్థం తయారుచేశారు. నిమ్స్‌నుంచి వచ్చిన ఎముకల డాక్టర్ ఒకరు దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, కలాంగారిని తన ఆస్పత్రికి పిలుచుకుపోయారు. అక్కడ పోలియో సోకిన పిల్లలు 3 కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. కొద్ది వారాల్లోనే 300 గ్రాముల కాలిపర్లు తయారై ఆ పిల్లల కాళ్లకు చేరాయి. అదే కలాంగారు గుండె వైద్యులు డాక్టర్ సోమరాజుతో కలిసి 1990లలో తక్కువ ఖర్చుతో స్టెంట్ చేయించారు. దానికి కలాం-రాజు స్టెంట్ అని పేరు. క్షిపణి పదార్థం పిల్లల కాళ్లకు వచ్చింది, ఉక్కు గుండె నాళంలోకి వెళ్లింది. మా ఊళ్లోనే జరిగిన ఈ పనులు చదివి నేను రాత్రుళ్లు నిద్రపోలేదు. కాలికి ఆసరా ఇచ్చినట్టే గుండెకూ పీచుతో ఆసరా ఇవ్వొచ్చని తీర్మానించుకున్నాను. కాలిపర్ పని కాలిని వంగకుండా నిలపడం. గుండెకు వంగడం, సాగడం, మెలితిరగడమే పని. ఈ తేడా నా బుర్రకు తట్టలేదు.

గుండెపోటులో ఏం జరుగుతుందో కొంచెం చెప్పాలి. గుండె కండరానికి రక్తం తెచ్చే నాళం మూసుకుపోతే దాని పరిధిలో ఉన్న కండరం గంటల్లో చచ్చిపోతుంది. పెద్ద పోటులో 100 కోట్ల దాకా కండర కణాలు పోవచ్చు. కాలేయం, చర్మం తమను తాము మళ్లీ కట్టుకుంటాయి. గుండెకు ఆ శక్తి దాదాపు లేదు. స్వీడన్‌లో యోనాస్ ఫ్రిసేన్ బృందం 2009లో దీన్ని కొలిచి చూపించింది. అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కలిసిన కార్బన్-14 మన కణాల డీఎన్ఏలో ఎంత చేరిందో చూసి, ఏ కణం ఎప్పుడు పుట్టిందో లెక్కకట్టారు. పాతికేళ్ల వయసులో ఏడాదికి 1 శాతం గుండె కణాలు కొత్తగా వస్తాయి. 75 ఏళ్లకు అది 0.45 శాతానికి పడిపోతుంది. ఆ లెక్కన పోయిన 100 కోట్ల కణాలు ఎప్పటికి తిరిగొస్తాయి?

కండరం చచ్చినచోట కొన్ని వారాల్లో కొల్లాజెన్ పేరుకుని మచ్చ కడుతుంది. ఆ మచ్చ కట్టకపోతే గోడ చిట్లి మనిషి పోతాడు. కాబట్టి శరీరం అప్పటికే తన పీచు పట్టీ తాను వేసుకుంది. ఆ పట్టీ కొట్టుకోదు, అంతే. మిగిలిన కండరం దాని వంతు పని కూడా మోస్తుంది. మోసీ మోసీ ఎడమ జఠరిక అనే గది సాగిపోతుంది, గోడ పల్చబడుతుంది. గది పెద్దదై గోడ పల్చనైతే, లోపలి ఒత్తిడి అంతే ఉన్నా, గోడ మీద లాగుడు పెరుగుతుందని లాప్లాస్ సూత్రం. లాగుడు పెరిగితే ఇంకా సాగుతుంది. మా బస్తీలో జనం 'పంపింగ్ తగ్గింది' అనే జబ్బు ఇదే.

మా మామకు పోటు వచ్చింది తెల్లవారుజామున, గుడిమల్కాపూర్ మార్కెట్‌లో మాలు ఎత్తుకుంటుండగా. గ్యాస్ అనుకుని సోడా తాగారు. మాలు తెచ్చి వంతెన మీద పరిచారు కూడా. ఎండ ఎక్కాక చెమటలు పట్టి కూలబడితే పక్కన నిమ్మకాయలు అమ్మే ఆమె ఆటో పిలిచింది. స్టెంట్ వేశారు గాని, అప్పటికే ముందుగోడ చాలా భాగం పోయింది. ఎకోలో పంపింగ్ 30 శాతం అన్నారు. సంచెడు గోలీలు రాసిచ్చారు. పొద్దున కొన్ని, రాత్రి కొన్ని, జీవితాంతం.

అప్పుడు నేను పరిశోధనలో మంచి ఊపుమీద ఉన్నాను. పీచు తీసే పని చూస్తే మనసు నిలవదు. పాలీకాప్రోలాక్టోన్ అనే పాలిమర్ గుళికలను ద్రావకంలో కరిగించి సిరంజిలో నింపుతాం. శరీరంలో రెండు మూడేళ్లకు నెమ్మదిగా కరిగిపోయే పదార్థం అది. సూదికి వేల వోల్టుల విద్యుత్తు ఇస్తాం. ఎదురుగా ఒక డ్రమ్ము తిరుగుతూ ఉంటుంది. సూది కొనన వేలాడే చుక్క విద్యుత్తు లాగుడుకు శంకువుగా సాగుతుంది. ఆ శంకువు మొననుంచి కంటికానని ధార ఒకటి దూసుకొచ్చి, దారిలోనే ద్రావకం ఆరిపోయి, వెంట్రుకలో వందోవంతు సన్నని పీచుగా డ్రమ్ము మీద పడుతుంది. వానాకాలంలో గాలిలో తేమ పెరిగితే పీచు తీరే మారిపోతుంది, ఆ రోజులకు పని ఆపుకోవాల్సిందే. డ్రమ్ము నెమ్మదిగా తిరిగితే పీచులు చిందరవందరగా పడతాయి, వేగంగా తిరిగితే ఒకే దిక్కున బారులు తీరుతాయి. పని అయ్యాక పట్టకారుతో అంచు పట్టి లేపితే తెల్లటి పొర ఊడి వస్తుంది. ఊపిరి తగిలినా వణుకుతుంది, అయినా రెండు చేతులా లాగితే తెగదు.

ఈ విద్యను ప్రపంచానికి నేర్పినవాళ్లలో మన తెలుగువారు సీరం రామకృష్ణ ఒకరు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివి సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. ఎలక్ట్రోస్పిన్నింగ్ మీద 2005లో సహచరులతో కలిసి రాసిన ఆయన పుస్తకం నా బల్లమీద ఎప్పుడూ ఉండేది. ఆయన బృందమే 2011లో పాలీకాప్రోలాక్టోన్‌కు జెలటిన్ కలిపి, బారులు తీరిన పీచులు తీసి, వాటి మీద గుండె కణాలు పెంచింది. కణాలు పీచు ఎటు ఉంటే అటే సాగి సర్దుకున్నాయి. ఆ వ్యాసమంతా దిక్కు గురించే. నేను మాత్రం అందులో ఎంత లాగితే తెగింది అన్న పట్టిక కింద గీత గీసుకున్నాను.

నా పట్టీని అంతకన్నా గట్టిగా చేయాలని పట్టుబట్టాను. ఒక పొర నిలువు, ఒక పొర అడ్డం, మళ్లీ నిలువు. లాగే యంత్రంలో బిగించి లాగిన ప్రతిసారీ గీత పైపైకి పోతుంటే నాకు గర్వం పెరిగింది. ఏ దిక్కున లాగినా లొంగని పట్టీ అది. సెమినార్‌లో చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో, ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నాలు తిన్నాక గోలీలు వేసుకుంటున్న మామతో ఇలా అన్నాను. "ఈ గోలీలు గుండెను బాగుచెయ్యవు మామా. ఉన్నదాన్ని ఈడ్చుకొస్తయి, అంతే. అసలు రిపేరు మేం చేస్తున్నం. పట్టీ వస్తది. కొన్నేండ్లు ఆగు."

మామ నా తల నిమిరారు. "మా బిడ్డ చేస్తున్నదంటే వచ్చినట్టే" అన్నారు.

ఆ మాట అన్నప్పుడు నా చేతిలో ఏముంది? పాలిమర్ పొర ఒకటి. జీవకణం దానిమీద ఇంకా కాలు పెట్టలేదు.

కణాలు పెంచినప్పుడు మొదటి దెబ్బ తగిలింది. అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల గుండె కణాలను మెత్తని జెల్ మీద వేస్తే మైక్రోస్కోపు కింద కొట్టుకుంటూ కనబడతాయి. ముందు ఒక్కోటి వేరువేరుగా, రోజులు గడిచేకొద్దీ ఒకదానితో ఒకటి కలిసి ఒకే తాళంలో. నా పట్టీ మీద అవి బల్లపరుపుగా పరుచుకున్నాయి. లోపల లావుపాటి తంతువులు కట్టాయి. నాలుగు దిక్కులా సాగాయి. కొన్నాళ్లకు కొట్టుకోవడం మానేశాయి. ఇది కొత్త సంగతేమీ కాదు. ఆడమ్ ఎంగ్లర్ బృందం 2008లోనే రాసింది, గుండెకు ఉన్నంత మెత్తదనం ఉన్న చోటే గుండె కణం బాగా కొట్టుకుంటుందని, మచ్చంత గట్టి చోట అది ఊరికే ప్రయాసపడి ఆగిపోతుందని. ఎలుకల్లో అంతకుముందు 2006లో కొలిచినప్పుడు ఆరోగ్యంగా ఉన్న కండరం గట్టిదనం సుమారు 18 కిలోపాస్కల్, మచ్చది సుమారు 55. నా పట్టీ గట్టిదనం వేల కిలోపాస్కల్. అప్పటికే మూడింతలు గట్టిపడి కదలలేకపోతున్న చోట నేను ఇంకా ఎన్నో రెట్లు గట్టిదాన్ని కుట్టబోయాను.

అయినా దారి మళ్లలేదు. కణాలు లేకపోతే పోనీ, పట్టీ ఒక్కటీ గోడను పట్టి ఉంచితే చాలదా అని సర్దిచెప్పుకున్నాను. ఎలుకల్లో కుట్టి చూశారు మా సహచరులు. గోడ ఉబ్బడం తగ్గింది. ఆ బొమ్మలు చూసి సంతోషపడ్డాను. కింది వరుసలో ఇంకో అంకె ఉంది. ఒక్కో కొట్టుకు గుండె బయటికి తోసే రక్తం ఏమాత్రం పెరగలేదు.

కారణం నెలల తరబడి నాకు అందలేదు. చివరికి నా కంప్యూటర్‌లోనే దొరికింది. వర్జీనియా విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హోమ్స్ బృందం 2012లో రాసిన వ్యాసం అది. సారాంశం చదివి, ఉపయోగపడుతుందని దాచిపెట్టుకుని, మళ్లీ తెరవలేదు. వాళ్లు ముందు లెక్కల్లో చూశారు, తర్వాత కుక్కల్లో చూశారు. పోటు వచ్చిన చోటును అన్ని దిక్కులా గట్టిపరిస్తే, గుండె ముడుచుకునేటప్పుడు ఆ చోటు బయటికి ఉబ్బదు. అది లాభం. కానీ గుండె వదులయ్యేటప్పుడు ఆ చోటు సాగదు కూడా. రక్తం తక్కువ నిండుతుంది. అది నష్టం. లాభం, నష్టం చెల్లుకు చెల్లు. ఒక్క నిలువు దిక్కున మాత్రమే గట్టిగా ఉండి, అడ్డంగా సాగేలా మార్చిన డేక్రాన్ గుడ్డ పట్టీ కుట్టినప్పుడు గుండె తోసే రక్తం పెరిగింది.

ఆ వ్యాసం పూర్తిచేసి నేను చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. గుండె తోయడం ఒక్కటే నాకు పనిగా కనిపించింది. నిండడం కూడా పనేనని, తోసేంత పనీ అదేనని నా మనసుకు రాలేదు. నిమిషానికి డెబ్బైసార్లు, రోజుకు లక్షసార్లు గుండె వదులైతేనే తోయడానికి ఏమైనా ఉంటుంది. లాగే యంత్రంలో బిగించిన పట్టీని ఒక దిక్కున లాగి, తెగేదాకా చూసి, అదే సత్తా అని రాసుకున్నాను. గుండెలో ఆ పట్టీ తెగాల్సిన అవసరమే లేదు. సాగాలి, తిరిగి రావాలి, మళ్లీ సాగాలి.

నా ఒక్కదాని పొరపాటే అయితే ఇంత రాయను. గుండె ఆకారం సరిచేస్తే గుండె సరవుతుందన్న ఆశ పెద్ద పెద్దవాళ్లకూ ఉండింది. బైపాస్ చేసేటప్పుడే మచ్చపడ్డ భాగాన్ని మలిచి గదిని చిన్నది చేసే ఆపరేషన్‌ను వెయ్యిమంది రోగుల్లో పరీక్షించిన స్టిచ్ అధ్యయనం 2009లో వచ్చింది. గది కొలత 19 శాతం తగ్గింది. బైపాస్ ఒక్కటే చేసినవాళ్లలో 6 శాతమే తగ్గింది. చావులు, ఆస్పత్రి చేరికలు మాత్రం రెండు గుంపుల్లోనూ ఒకటే. కొలత బాగుపడింది, మనుషులు బాగుపడలేదు. ఇది కూడా నేను ఆలస్యంగానే చదివాను.

ఇంతా తెలిశాక ఒక పని చేయాల్సింది, చేయలేదు. పట్టీ ఓడిపోయిన సంగతి మామకు చెప్పలేదు. కొత్త పట్టీ తయారయ్యాక చెబుదాంలే అనుకున్నాను. ఆయన ఆశను ఎందుకు చెరపాలని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఆశ ఆయనది కాదు, నాది. ఆయన కళ్లలో నేను పెద్దదాన్ని. అది పోతుందని భయపడ్డాను.

వానాకాలంలో ఒక రాత్రి అత్త ఫోన్ చేసింది. మామకు దమ్ము వస్తోంది, పడుకోలేకపోతున్నారు, కూర్చోబెట్టినా నిలవడం లేదు. పోయేసరికి కాళ్లు వాచి మెరుస్తున్నాయి. చీలమండ దగ్గర వేలు పెట్టి నొక్కితే గుంట పడి, అట్లాగే ఉండిపోయింది. పెదాలు నల్లబడ్డాయి. ఆస్పత్రిలో మాస్కు పెట్టి, నీరు లాగే మందు ఎక్కించారు. గండం గడిచాక చిన్న డాక్టరమ్మ ఒకామె మంచం పక్కన నిలబడి గోలీలు సరిగ్గా వాడుతున్నారా అని అడిగింది.

మామ దాచలేదు. "సగం బందు పెట్టిన అమ్మా. అవి గుండెను బాగుచెయ్యవంట గదా. మా బిడ్డ పట్టీ చేస్తున్నది. అది వచ్చేదాక పానం నిలబడితే చాలని నీళ్ల గోలీ ఒక్కటి అప్పుడప్పుడు ఏసుకుంటున్న." డబ్బు కూడా కలిసొస్తుందనుకున్నానని ఆయన అత్తతో తర్వాత అన్నారట.

డాక్టరమ్మ నావైపు చూసింది. నేనే ఆ బిడ్డనని ఆమెకు తెలుసో తెలియదో. నేను నోరు విప్పలేదు. అక్కడే, ఆమె ముందే, మామతో 'నేను చెప్పింది తప్పు' అనాల్సింది. బయట వరండాలోకి వచ్చి నిలబడ్డాను. అన్నిటికన్నా అది నన్ను ఎక్కువగా బాధిస్తుంది.

ఇంటికొచ్చాక ఆయన చీటీ ముందు పెట్టుకుని ఒక్కో మందు గురించి చదివాను. ఏళ్ల తరబడి గుండె మీద పరిశోధన చేస్తూ నేను చదవని చదువు అది. స్పైరోనోలాక్టోన్ పాతకాలపు చవక గోలీ. తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్నవాళ్లలో అది చావులను 30 శాతం తగ్గించిందని 1999లో తేలింది. బీటా బ్లాకర్ గుండె వేగం తగ్గిస్తుంది, ఒంట్లో ఉద్రేకపు హార్మోన్లు గుండెను కొరడాతో తరమకుండా అడ్డుకుంటుంది. నెలల తరబడి వాడితే సాగిపోయిన గది చాలామందిలో మళ్లీ కొంత చిన్నదవుతుంది, పంపింగ్ పెరుగుతుంది. షుగరు జబ్బుకు వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్, షుగరు లేనివాళ్ల గుండెకు కూడా మేలు చేస్తుందని 2019లో తేలింది. నేను పట్టీతో సాధించాలనుకున్నది, గది సాగకుండా ఆపడం, లాగుడు తగ్గించడం, ఈ గోలీలు చాలా ఏళ్లుగా చేస్తున్నాయి. చేతితో పట్టుకుని చూపించగలిగేదే పని అనుకున్నాను కాబట్టి గోలీ నా కంటికి ఆనలేదు.

మామ కోలుకున్నాక వంతెన మీదికే పోయి ఆయన పక్కన గోనెమీద కూర్చుని మొత్తం చెప్పాను. పట్టీ ఓడిన సంగతి, గోలీల గురించి నాకు తెలియక అన్న మాట, ఆస్పత్రిలో నోరు విప్పని సంగతి. బేరాల మధ్యలోనే విన్నారు. కొత్తిమీర కట్టలు తడుపుతూ "ఇప్పుడు ఏసుకుంటున్నగదా" అన్నారు. ఇంకేం అనలేదు.

పరిశోధన మానలేదు. మానాల్సిన పని కాదిది. ఈసారి పీచు దిక్కునుంచే మొదలుపెట్టాను. గుండె కండరపు పీచు ఎట్లా పరుచుకుందో 1969లో డేనియల్ స్ట్రీటర్ బృందం కొలిచి చూపించింది. గోడ లోపలి అంచున పీచు ఒకవైపు సుమారు 60 డిగ్రీలు వాలి ఉంటుంది. బయటికి వచ్చేకొద్దీ తిరుగుతూ తిరుగుతూ, నడుమ అడ్డంగా మారి, బయటి అంచుకు వచ్చేసరికి రెండోవైపు 60 డిగ్రీలు వాలుతుంది. ఆ మెలిక వల్లే పొడవులో 15, 20 శాతం మాత్రమే ముడుచుకునే కణాలన్నీ కలిసి గదిలోని రక్తంలో 60 శాతం దాకా బయటికి తోయగలుగుతున్నాయి. పీచును గుండ్రంగా చుట్టి ఉంటే అంత రక్తం రాదని అదే కాలంలో లెక్క వేశారు. ఆ లెక్కను హార్వర్డ్‌లో కెవిన్ కిట్ పార్కర్ బృందం 2022లో పీచులతో జఠరిక నమూనా చేసి, కణాలు వేసి, పరీక్షించింది. మెలిక తిరిగిన పీచు గెలిచింది. 2023లో అదే బృందం జెలటిన్ పీచు ముక్కలు కలిపిన జెల్‌తో జఠరికను ముద్రించింది. ముద్రించే మొన కదిలిన దిక్కునే పీచులు బారులు తీరతాయి, కణాలు వాటి వెంటే నడుస్తాయి. పీచు అక్కడ బరువు మోయడానికి లేదు, దారి చూపడానికి ఉంది.

మనుషుల్లోనూ ఈ పని మొదలైంది. జపాన్‌లో యోషికి సావా బృందం 2020లో మూలకణాలనుంచి పెంచిన గుండె కణాల పొరలను రోగికి అమర్చింది. జర్మనీలోని గోటింగెన్‌కు చెందిన వోల్ఫ్రం-హుబెర్టస్ జిమ్మర్‌మన్ బృందం కొల్లాజెన్‌లో పెంచిన గుండె కండరపు పట్టీలను 2021లో 46 ఏళ్ల మహిళ గుండె మీద కుట్టింది. ఆ ఫలితాలు 2025లో అచ్చయ్యాయి. ఆమెకు మూడు నెలల తర్వాత గుండెమార్పిడి జరిగింది. తీసిన గుండెను పరీక్షిస్తే పట్టీలోని కణాలు బతికి ఉన్నాయి, వాటికి రక్తనాళాలు కూడా వచ్చి చేరాయి. ఇది చదివినప్పుడు నాకు కళ్లనీళ్లు తిరిగాయి. కానీ ఇప్పుడు పక్కనే రాసి ఉన్నది కూడా చదువుతున్నాను. శరీరం ఆ కణాలను తోసేయకుండా రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడాలి. కొత్త కణాలు తమ సొంత తాళంలో కొట్టుకుంటే గుండె లయ తప్పవచ్చు. పట్టీ మందమైతే లోపలి కణాలకు రక్తం అందక చచ్చిపోతాయి.

ఇప్పుడు నేను చేస్తున్న పట్టీ మెత్తనిది. జెల్ నడుమ పీచులు తిన్నగా లేవు, వంకీలు తిరిగి ఉన్నాయి. కొంత దూరం వరకు సులువుగా సాగుతుంది, వంకీలు విప్పుకున్నాక బిగుస్తుంది. గుండెలోని కొల్లాజెన్ కూడా వంకీలు తిరిగే ఉంటుంది. ఏ దిక్కున ఎంత సాగనివ్వాలో గుండెను బట్టే తేల్చుకుంటున్నాం.

మొన్నటి ఎకోలో మామ పంపింగ్ 30నుంచి 38కి వచ్చింది. గోలీల వల్లే. ఆ కాగితం తెచ్చి నాకు చూపించి, నా కొత్త పట్టీ ఎంతదాకా వచ్చిందని అడిగారు. ఇంకా ఎలుకల దగ్గరే ఉందని చెప్పాను.

"ఆ ఎలుకలకు గోలీలు గిట్ల ఏస్తున్నరా బిడ్డా?"

"లే మామా. పోటు తెప్పించి పట్టీ ఒక్కటే ఏసి చూస్తం."

"మరి నాలాంటోనికి పట్టీ ఏసేటప్పుడు నా గోలీలు బందు పెట్టిస్తరా?"

పెట్టించం. పెట్టించకూడదు. ఎప్పటికైనా ఈ పట్టీ పడేది స్టెంట్ వేయించుకుని, రోజూ నాలుగు రకాల మందులు మింగుతున్న మనిషికే. మందులే లేని ఎలుకలో కనిపించిన మేలు, మందులు వాడే మనిషిలో మిగులుతుందో లేదో నేను చూడనే లేదు. వచ్చే ప్రయోగానికి జంతువుల నైతిక సంఘానికి పంపిన కాగితంలో గుంపులు నాలుగు చేశాను: ఏమీ ఇవ్వనివి, మందు ఒక్కటే ఇచ్చినవి, పట్టీ ఒక్కటే కుట్టినవి, రెండూ ఉన్నవి. రెండూ ఉన్న గుంపు మందు ఒక్కటే ఉన్న గుంపును మించకపోతే ఈ పట్టీతో పని లేదని, దాన్ని పక్కన పెట్టేస్తామని, ప్రయోగం మొదలుకాకముందే అందులో రాసి సంతకం పెట్టాను.